రెండో ఆపరేషన్ చేతికి వచ్చే కడుపు: మొదటిది నేర్పిన తిండి అలవాట్లు, రివిజన్ తర్వాత తగ్గే బరువు

బరువు తగ్గించే ఆపరేషన్ ఒకసారి చేయించుకుని, తగ్గిన బరువులో సగం నాలుగైదేళ్లలో మళ్లీ ఒంటికి చేరిన మనిషి వినే మొదటి మాట ‘నోరు కట్టుకోలేకపోయారు’ అన్నదే. ఇంట్లోవాళ్లు అంటారు, తెలిసినవాళ్లు అంటారు, చాలామంది తమకు తామే అనుకుంటారు. రెండో ఆపరేషన్ ప్రస్తావన వచ్చేసరికి ఈ మాట రెండు రకాలుగా దారి తప్పిస్తుంది. నోరు కట్టుకోలేని మనిషికి ఇంకో ఆపరేషన్ ఎందుకన్న నిరుత్సాహం ఒకటి, ఈసారి ఇంకాస్త బిగించి కుడితే నోరు దానంతట అదే కట్టుబడుతుందన్న ఆశ ఇంకొకటి. ఈ రెండింటి మధ్యా అడగకుండా మిగిలిపోయే ప్రశ్న ఉంది. మొదటి ఆపరేషన్ తర్వాత ఆ కడుపులోకి ఏది సులువుగా దిగింది, ఏది దిగలేదు? రివిజన్, అంటే ఈ రెండో ఆపరేషన్, తర్వాతి తిండి గురించీ, తగ్గే బరువు గురించీ ఏది చెప్పాలన్నా అక్కడి నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

రివిజన్ అన్నది ఒకే ఆపరేషన్ పేరు కాదు. మొదట ఏది చేశారో, అందులో ఏది చెడిందో చూసి రెండోది ఏదన్నది తేలుస్తారు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1966లో ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో మొదలుపెట్టిన గ్యాస్ట్రిక్ బైపాస్ ఇప్పటి రూపంలో కడుపు పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని విడదీసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు అతికించడం. తిన్నది మిగతా కడుపునూ, చిన్నపేగు మొదటి భాగాన్నీ తాకకుండా కిందికి పోతుంది. స్లీవ్ అనే ఇంకో రకం ఆపరేషన్‌లో కడుపును నిలువుగా కోసి, 75 నుంచి 80 శాతం దాకా తీసేసి, సన్నని గొట్టంలా ఉండే భాగాన్ని మిగులుస్తారు. బ్యాండ్ అనే మూడో రకంలో కడుపును కోయరు. పైభాగం చుట్టూ సిలికాన్ పట్టీ అమర్చి, చర్మం కింద పెట్టిన చిన్న పోర్టులోకి ద్రవం ఎక్కిస్తూ దాని బిగువు పెంచుతారు. 2001లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందిన ఈ పట్టీని ఆ తర్వాతి సంవత్సరాల్లో విరివిగా వాడారు, పట్టీ జారడం, కడుపు గోడను ఒరుసుకుని లోపలికి దిగడం, బరువు చాలినంత తగ్గకపోవడం వంటి కారణాలతో చాలామందికి తీసేయవలసి వచ్చింది కూడా.

కాబట్టి బ్యాండ్ తీసి స్లీవ్ లేదా బైపాస్ చేయడం, స్లీవ్‌ను బైపాస్‌గా మార్చడం, స్లీవ్‌ను అలాగే ఉంచి పేగు దారిని ఇంకా తగ్గించే సాడీ లేదా డ్యుయోడినల్ స్విచ్ అనే ఆపరేషన్ చేయడం, బైపాస్‌లో వెడల్పయిన అతుకును ఎండోస్కోపీ ద్వారా నోటి నుంచే కుట్టి బిగించడం, ఇవన్నీ రివిజన్ కిందికే వస్తాయి. వీటిని ఒకే గాటన కట్టి ‘రివిజన్‌తో ఎంత తగ్గుతారు’ అని అడిగితే వచ్చే జవాబుకు అర్థం లేదు. స్లీవ్ తర్వాత ఛాతీలో మంటతో, గొంతులోకి ఎగదన్నే పులుపుతో రాత్రిళ్లు నిద్రలేని మనిషికి బైపాస్‌గా మార్చడం మంచి చికిత్స. అతనికి బరువు కొద్దిగానే తగ్గినా ఆపరేషన్ నెరవేరినట్టే. ఆ మంట లేని మనిషి బరువు కోసమే అదే ఆపరేషన్ చేయించుకుంటే, తగ్గేది చాలాసార్లు అనుకున్నదానికన్నా తక్కువగా ఉంటుంది. పేగు దారిని బాగా కురచ చేసే ఆపరేషన్లు బరువును ఎక్కువ తగ్గిస్తాయి గానీ, మాంసకృత్తులనూ విటమిన్లనూ కూడా అదే లెక్కన ఒంటికి అందకుండా చేస్తాయి.

బరువు లెక్క దగ్గర మరో చిక్కుంది. 165 సెంటీమీటర్ల ఎత్తున్న ఒక మనిషిని ఊహించుకుందాం. తొలి బరువు 125 కిలోలు. ఎత్తును బట్టి బరువును అంచనా వేసే కొలత అయిన బీఎంఐ, ఆ ఎత్తుకు 25 అంటే సుమారు 68 కిలోలు గనక, వైద్యులు ‘అదనపు బరువు’ అని లెక్కించేది 57 కిలోలు. స్లీవ్ తర్వాత ఆ మనిషి 80 కిలోలకు దిగి, ఆరేళ్లలో 100కు చేరి, బైపాస్‌గా మార్పించుకున్న ఏడాదికి 85 దగ్గర ఆగారనుకుందాం. రెండో ఆపరేషన్ నాటి 100 కిలోల నుంచి లెక్కిస్తే తగ్గింది 15 శాతం. తొలి 125 నుంచి లెక్కిస్తే 32 శాతం. అదనపు బరువులో లెక్కిస్తే మొదటి పద్ధతిలో 47 శాతం, రెండో పద్ధతిలో 70 శాతం. ఒకప్పటి 80తో పోల్చుకుంటే మాత్రం ఇంకా 5 కిలోలు ఎక్కువే. త్రాసు మీద కనిపిస్తున్నది అదే 85, దాన్ని గెలుపు అనాలా ఓటమి అనాలా అన్నది ఎక్కడి నుంచి కొలిచారన్నదాన్ని బట్టి మారిపోతోంది. ఎవరైనా ఒక శాతం చెప్పి ఆశపెడితే అది దేనిలో శాతమో అడగకుండా తల ఊపకూడదు. ఆపరేషన్ చేయించుకున్నవారు తమను తాము కొలుచుకునేది దాదాపు ఎప్పుడూ ఆ 80తోనే, అంటే అన్నిటికన్నా కఠినమైన కొలతతో.

బరువు తిరిగి రావడం, రెండోసారి తక్కువ తగ్గడం రెండింటికీ ఒంట్లోనే కారణాలున్నాయి. స్వీడన్‌లో 1987లో మొదలై వేలమందిని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనలో బైపాస్ చేయించుకున్నవారు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం తగ్గి, పదేళ్లకు 25 శాతం దగ్గర నిలబడ్డారు. బ్యాండ్ వాళ్లు 20 శాతం తగ్గి, 14 దగ్గర నిలిచారు. సగటు మనిషికే ఇంత తిరిగి వస్తున్నప్పుడు, దాన్ని ఒక్కొక్కరి చేతకానితనంగా చూడటం న్యాయం కాదు. బరువు తగ్గిన శరీరం కూర్చున్నా పడుకున్నా తక్కువ ఖర్చు చేయడం నేర్చుకుంటుంది. ఆపరేషన్ లేకుండా టీవీ పోటీలో భారీగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో కెవిన్ హాల్ బృందం ప్రచురించిన ఫలితాల్లో, విశ్రాంతి వేళ వారి ఒళ్లు ఖర్చు చేసేది ఉండవలసినదానికన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగా తేలింది. ఆపరేషన్ తర్వాత ఈ తగ్గుదల అంత తీవ్రంగా ఉండదని చాలామంది భావిస్తారు, అయినా పూర్తిగా తప్పదు. దానికితోడు మొదటిసారి బరువుతోపాటు కొంత కండ కూడా కరిగిపోయి, తిరిగి వచ్చినదానిలో కొవ్వే ఎక్కువగా ఉంటుంది.

ఆకలి లెక్క కూడా రెండోసారి మారుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది కడుపు పైనున్న గుమ్మటం లాంటి భాగంలో. స్లీవ్‌లో ఆ భాగం పోతుంది, అందుకే మొదటి నెలల్లో చాలామంది ‘ఆకలన్నదే మరిచిపోయాను’ అంటారు. స్లీవ్‌ను బైపాస్‌గా మార్చేటప్పుడు తీసేయడానికి ఆ భాగం ఎప్పుడో లేదు. తిన్నది వేగంగా చిన్నపేగు కింది భాగానికి చేరడం వల్ల కడుపు నిండిన భావన కలిగించే జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు పెరుగుతాయి గానీ, స్లీవ్‌తోనే అవి కొంత పెరిగి ఉన్నాయి. అందుకే మొదటిసారి నాటి ఆ నిశ్శబ్దం రెండోసారి కూడా వస్తుందని ఎదురుచూసినవారు మూడో వారంలో కడుపులో ఆకలి కదలగానే ఆపరేషన్ విఫలమైందని బెంబేలు పడతారు. ఆ ఆకలి వైఫల్యానికి గుర్తు కాదు.

ఇక అలవాట్ల సంగతి. బ్యాండ్ బాగా బిగిసిన మనిషి ముందు ఒక పళ్లెం ఉందనుకోండి. అందులో మాంసం ముక్క, రొట్టె, పచ్చి కూరగాయ ముక్కలు. రెండో ముద్దకే ఛాతీ మధ్యలో ఏదో ఇరుక్కున్నట్టయి, నోట్లో లాలాజలం ఊరి, లేచి స్నానాలగదికి పోవలసి వస్తుంది. ఇది నాలుగుసార్లు జరిగాక ఆ మనిషి మాంసం మానేస్తారు, ఆపైన రొట్టె, ఆపైన కూరగాయలు. ఐస్‌క్రీమ్ మాత్రం హాయిగా జారుతుంది. చాక్లెట్ కరుగుతుంది, చిప్స్ నమిలితే పిండి అయి దిగిపోతాయి, తీపి కలిపిన పాలకు అడ్డే లేదు. శరీరానికి కావలసిన తిండిని నొప్పితోనూ, అక్కర్లేనిదాన్ని సుఖంతోనూ ముడిపెట్టి ఏళ్ల తరబడి పాఠం చెప్పింది ఆ పట్టీయే. దీన్ని ‘నోరు కట్టుకోలేకపోవడం’ అనడం కన్నా పెద్ద పొరపాటు లేదు. నోరు ఇక్కడ చాలా క్రమశిక్షణతో నేర్చుకుంది, నేర్చుకున్న పాఠమే తప్పు. పట్టీ తీసేసి బైపాస్ చేశాక మాంసం ముక్క నిజానికి దిగవచ్చు. అయినా ఆ మనిషి చెయ్యి అలవాటుగా మెత్తనిదాని మీదికే పోతుంది, ఎందుకంటే ఇరుక్కుంటుందన్న భయం పట్టీతోపాటు బయటికి రాదు.

స్లీవ్ నేర్పే పాఠం వేరు. ఒక్కసారి ఎక్కువ పట్టదు గనక, కొద్దికొద్దిగా తినడం మొదట మంచి అలవాటుగానే వస్తుంది. రోజులు గడిచేకొద్దీ ఆ కొద్దికొద్దికి వేళాపాళా పోయి, పది గంటలకు రెండు బిస్కెట్లు, పదకొండుకు గుప్పెడు పల్లీలు, పన్నెండుకు పిల్లలు వదిలేసిన అడుగుబొడుగులు, ఇలా రోజంతా నమలడంగా మారుతుంది. ఏ ఒక్కసారీ కడుపు నిండదు, కాబట్టి ఎక్కువ తిన్నట్టు ఎప్పుడూ అనిపించదు. వచ్చిన తిండి ఎంతైనా కొద్దికొద్దిగా వస్తే చిన్న కడుపు అడ్డుపడదు. కడుపును ఇంకా చిన్నది చేసే రివిజన్ ఈ అలవాటుకు ఏమీ చేయలేకపోవడానికి కారణం ఇదే. సాగిన సంచిని కోసి చిన్నది చేసినంత మాత్రాన దీర్ఘకాలంలో పెద్దగా బరువు తగ్గకపోవడాన్ని శస్త్రవైద్యులు కూడా గమనించారు.

సంచి సాగిందన్న భయం నుంచే ఇంకొక ప్రచారం పుట్టింది. నాలుగైదు రోజులు ద్రవాలు మాత్రమే తాగితే కడుపు మళ్లీ కుంచించుకుపోతుందట. సాగిన కండరం ఐదు రోజుల పస్తుతో తిరిగి ముడుచుకోదు. ఆ ఐదు రోజుల్లో తగ్గే రెండు కిలోలు చాలావరకు నీరు. చిరుతిండి వరుస ఒకసారి తెగుతుంది కాబట్టి కొందరికి మనసు కుదుటపడవచ్చు, దాని లాభం అంతవరకే.

రెండో ఆపరేషన్ తర్వాత తిండి మొదటిసారిలాగే మెట్లుమెట్లుగా తిరిగి మొదలవుతుంది: పల్చని ద్రవాలు, చిక్కని ద్రవాలు, మెత్తగా రుబ్బినవి, మెత్తనివి, ఆ తర్వాత మామూలు తిండి. ఇదంతా ఒకటి రెండు నెలల వ్యవహారం. పాత మచ్చ కణజాలం మీద కొత్త కుట్లు పడతాయి గనక లీకు ప్రమాదం మొదటిసారికన్నా ఎక్కువ, అందుకే కొందరు వైద్యులు ఈ మెట్లను ఇంకా నెమ్మదిగా ఎక్కిస్తారు. ‘ఇదంతా నాకు తెలిసిందే’ అనుకుని ఒక మెట్టు దాటవేసేది ఎక్కువగా రెండోసారి వచ్చినవారే. ఇక్కడ అనుభవం కీడు చేస్తుంది, ఎందుకంటే వారికి తెలిసినది పాత కడుపు గురించి.

బైపాస్‌కు మారిన స్లీవ్ మనిషికి పూర్తిగా కొత్తగా ఎదురయ్యేది డంపింగ్. తీపి ఎక్కువగా ఉన్నదేదైనా తిన్న పది నుంచి ముప్పై నిమిషాల్లో గుండె దడ, చెమటలు, కడుపులో మెలి, విరేచనం, ఎక్కడైనా పడుకోవాలన్నంత నీరసం వస్తాయి. స్లీవ్‌తో కూడా ఇది రావచ్చు గానీ బైపాస్‌తో ఎక్కువ. తీపి మాన్పించే కాపలాదారుగా దీన్ని చాలామంది కోరుకుంటారు, అది అందరికీ రాదు, వచ్చినవారిలో కూడా కాలంతో మెత్తబడుతుంది. దీనికన్నా జాగ్రత్తగా గమనించవలసినది ఆలస్యంగా వచ్చే రకం. తిన్న ఒకటి నుంచి మూడు గంటల తర్వాత, ఒక్కసారిగా పెరిగిన చక్కెరకు జవాబుగా ఇన్సులిన్ ఎక్కువ ఊరి, రక్తంలో చక్కెర పడిపోతుంది. చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి, విపరీతమైన ఆకలి వేస్తుంది. అప్పుడు తీపి తింటే పావుగంటలో తేరుకుంటారు, రెండు గంటల తర్వాత మళ్లీ అదే కథ. ఇలా రోజుకు మూడుసార్లు తిరిగితే, ‘బలహీనతకు మందు’గా తిన్న తీపే బరువై కూర్చుంటుంది. ఇది తీపి మీద యావ కాదు, వైద్యానికి లొంగే సమస్య. పిండి పదార్థాన్ని ఒంటరిగా తినకుండా మాంసకృత్తులతో కలిపి, కొద్ది మోతాదులో తినడంతోనే చాలామందికి ఇది సర్దుకుంటుంది. అలా సర్దుకోకపోతే వైద్యుడికి చెప్పాలి.

మాంసకృత్తుల లెక్క చిన్న పళ్లెంలో కుదరడం ఎంత కష్టమో చూడాలంటే అంకెల్లోనే చూడాలి. ఆపరేషన్ తర్వాత రోజుకు కనీసం 60 గ్రాములు కావాలన్నది సాధారణంగా ఒప్పుకున్న కొలత. పేగు దారిని బాగా తగ్గించే ఆపరేషన్లకు 90 గ్రాములకు పైనే. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు. అరకప్పు మించి పట్టని కడుపుకు మూడు పూటలా 20 గ్రాముల చొప్పున అందాలంటే, పళ్లెంలో మొదటి ముద్దలు గుడ్డు, చేప, మాంసం, పప్పు, పెరుగు, పనీర్ వంటివాటివి కావాలి. ఆ తర్వాతే కూరగాయలు, చివర్లో చోటు మిగిలితే పిండి పదార్థాలు. నీళ్లు భోజనంతోపాటు తాగకుండా, తిన్నాక అరగంట ఆగమనేది కూడా ఇందుకే. నీళ్లు తిండిని తోసేస్తే కడుపు త్వరగా ఖాళీ అయి మళ్లీ చోటు ఏర్పడుతుంది. పొడి బిస్కెట్టును టీతో ముద్ద చేసి మింగడం ఈ కోవలోకే వస్తుంది, దాన్ని భోజనంగా ఎవరూ లెక్కించరు కాబట్టి తిన్నవి రాసుకునే డైరీలో కూడా కనిపించదు. విడిగా రోజంతా కలిపి ఒకటిన్నర లీటరైనా తాగాలి.

విటమిన్ల విషయంలో రెండోసారి ఆపరేషన్‌కు వచ్చినవారు నిండు కొట్టుతో రారు. బి12 నిల్వలు కాలేయంలో ఏళ్ల తరబడి సరిపోతాయి, కాబట్టి మొదటి ఆపరేషన్ తర్వాత మాత్రలు మానేసిన మనిషికి లోటు సరిగ్గా రెండోదాని వేళకు బయటపడవచ్చు. ఐరన్, విటమిన్ డి లోటు కూడా అప్పటికే ఉండవచ్చు. అందుకే ఆపరేషన్‌కు ముందే రక్త పరీక్షలు చేయించి, ఉన్న లోటు పూడ్చుకుని వెళ్లాలి. తర్వాత బి12, ఐరన్, రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాముల కాల్షియం, విటమిన్ డి జీవితాంతం సాగవలసినవి, కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర కనీసం రెండు గంటల ఎడంతో వేసుకోవాలి. వీటన్నిటికన్నా అత్యవసరమైనది థయమిన్, అంటే బి1. ఒంట్లో దాని నిల్వ కొన్ని వారాలకు మించి ఉండదు. రోజుల తరబడి వాంతులు అవుతుంటే దాన్ని ‘అలవాటైన ఇరుక్కోవడం’ అనుకుని ఇంట్లో కూర్చోవడం ప్రమాదకరం. నడక తూలడం, చూపు రెండుగా కనిపించడం, మాట తడబడటం మొదలైతే అది మెదడుకు దెబ్బ తగులుతున్న సూచన, గంటల్లో ఆసుపత్రికి చేరాలి.

ఆకలి తగ్గించే కొత్త మందుల రాకతో రెండో ఆపరేషన్ స్థానం కూడా కొంత మారింది. ఆపరేషన్ తర్వాత తగినంత బరువు తగ్గని 70 మందికి లండన్‌లో 24 వారాలు పరీక్షించిన లిరాగ్లూటైడ్ ఇంజెక్షన్‌తో సగటున దాదాపు 9 శాతం బరువు తగ్గింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవారికి తగ్గింది అర శాతమే. ఈ ఫలితాలు 2023లో వచ్చాయి. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ అంతకన్నా బలమైనవి. పట్టీ జారినా, అతుకు దగ్గర పుండు పడినా, కడుపులో పులుపు పైకి తంతున్నా మందులు ఆ లోపాన్ని సరిచేయవు, అక్కడ కత్తి తప్పదు. కడుపు నిర్మాణం బాగానే ఉండి బరువు మాత్రమే తిరిగి వచ్చిన మనిషికి మొదట మందు ప్రయత్నించమనడం నాకు సబబుగానే తోస్తుంది. రక్తపోటుకు ఒక మాత్ర చాలనప్పుడు రెండోది కలుపుతారు, రోగి నోరు కట్టుకోలేదని ఎవరూ అనరు.

రెండో ఆపరేషన్‌తో వచ్చే తగ్గుదలలో ఎక్కువ భాగం మొదటి ఏడాది, ఏడాదిన్నరలో వస్తుంది, ఆ తర్వాత త్రాసు కదలడం మానేస్తుంది. ఆ గడువులో పాత పాఠాన్ని మాన్పించగలిగినది ఏదైనా ఉందంటే, అది చాలా మామూలు వస్తువు, ఒక నోటు పుస్తకం. మంచి డైటీషియన్లు ఆపరేషన్‌కు ముందే రెండు వారాలు రాయమంటారు: ఎప్పుడు తిన్నారు, ఏమి తిన్నారు, ఎంత తిన్నారు. నేనైతే నాలుగో గడి కూడా గీయిస్తాను: ఎలా దిగింది. మన బ్యాండ్ మనిషి పుస్తకంలో మొదటి వారం ఆ గడి ఇలా ఉంటుంది. కోడిమాంసం, రెండు ముక్కలు, ఇరుక్కుంది. రొట్టె, ఒక ముక్క, ఇరుక్కుంది. ఐస్‌క్రీమ్, ఒక కప్పు, హాయిగా దిగింది. బైపాస్ అయిన మూడో నెలలో, అదే పుస్తకంలో, వంకరటింకర అక్షరాలతో: కోడిమాంసం, వేలి గోరంత ముక్కలు ఆరు, ఇరవై ఐదు నిమిషాలు, భయపడ్డాను, దిగింది.